‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ – ప్రేక్షకాభిప్రాయ విచారము

ప్రదర్శనమునకు ప్రేక్షకుడు సగముపాలు భాగస్వామి. ఈ సంగతి కూచిపూడివారికి కొత్తగా చెప్పవలసిన పనిలేదు. కృష్ణామండలమున, దివిసీమకు చేరువనున్న ఆ గ్రామమున కలాపములును యక్షగానములును పెరిగినది రాజాస్థానములలో గాదు. గుడి యెదుట, నడివీధిలో, కాగడాల వెలుతురున, నేలమీద కూర్చున్న జనుల నడుమ. ఆ జనులలో పండితులుండిరి, సేద్యగాండ్రుండిరి, ఒడిలో బిడ్డలను నిద్రపుచ్చుకొనిన తల్లులుండిరి. పదము చక్కగా నభినయింపబడినచో వారి మెప్పు భాగవతునకు వెంటనే తెలియుచుండెను. హాస్యము శ్రుతి మించినచో వారి విసుగును వెంటనే తెలియుచుండెను. తీర్పు చెప్పువారును, తీర్పు వినువారును ఒకే కాగడా వెలుగున నుండిరి.

చలనచిత్రము వచ్చిన పిదప ఈ సంబంధము తెగిపోయినది. నటుడు తెరమీదను, ప్రేక్షకుడు చీకటిలోను ఉన్నారు. ప్రేక్షకుని నవ్వు నటుని చెవిని బడదు. చూచినవాని యభిప్రాయము ఇంటికి వచ్చి, విస్తరిముందు నాలుగు మాటలుగా వెలువడి, చేయి కడిగికొనునప్పటికి ఆరిపోవును. గంభీరమైన చిత్రములనుగూర్చి విమర్శకులు వ్రాయుదురు గనుక వానిని చూచినవారి యాలోచనలకు కొంత ఆధారము దొరకును. నవ్వించి పంపు చిత్రములకో ఆ భాగ్యమును లేదు. ‘బాగున్నది’ యనియో, ‘పొద్దు పోయినది’ యనియో ఒక్కమాటతో వాని కథ ముగియును. అయినను మన యింటిపిల్లలు మరల మరల చూచునవి, పాటలు కంఠస్థము చేయునవి, ప్రేమ యన నిట్టిదని తెలియక నేర్చుకొనునవి ఈ చిత్రములే. కావున వీనినిగూర్చి మన యిండ్లలో వినవచ్చు మాటలను ఒకమారు నిదానముగా పరిశీలింపవలెనని మాకు తోచినది.

అందులకు మేము గైకొనిన యుదాహరణము ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’. ఎనుబదుల దశాబ్దపు రుచులతో రూపొంది, 1990 మే 9వ తేదీన విడుదలైన ఈ చిత్రమునకు కృష్ణాతీరముతోడి చుట్టరికము బలమైనది. దర్శకుడు కె. రాఘవేంద్రరావు ఈ మండలములోని కొలవెన్నున పుట్టినవాడు. పాటలు వ్రాసిన వేటూరి సుందరరామమూర్తి (1936–2010) కూచిపూడికి దూరముగాని పెదకళ్ళేపల్లివాడు. మాటలు సమకూర్చిన జంధ్యాల, కూచిపూడి నృత్యమే ఇతివృత్తముగా ‘ఆనందభైరవి’ యను చిత్రమును ఆ దశాబ్దముననే తీసి, ఊరికట్టుబాటును మీరి యొక బాలికకు నాట్యము గరపిన గురువు కథను చెప్పియుండెను. నిర్మాత సి. అశ్వనీదత్తు, సంగీతము ఇళయరాజాది, నాయికానాయకులు శ్రీదేవి, చిరంజీవి.

కథ చిన్నది. రాజు యాత్రికులకు దారిచూపి పొట్టపోసికొనువాడు. తనకు రక్తసంబంధము లేని యనాథబాలురను చేరదీసి పెంచుచుండును. ఇంద్రుని కూతురు ఇంద్రజ మానససరోవరమునకు విహారార్థము వచ్చి తన యుంగరమును పోగొట్టుకొనును. అది లేనిదే ఆమెకు స్వర్గప్రవేశము లేదు. ఉంగరము రాజు చేతికి చిక్కును. దానికొరకై ఆమె భూమికి దిగివచ్చి, రాజు యింట చేరి, బిడ్డలకు చేరువయై, క్రమముగా ఆ మానవునే ప్రేమించును. అమరీష్ పురి ధరించిన మహాద్రష్ట యను మాంత్రికుడు నడుమ విఘ్నములు కల్పించును. తుదకు ప్రేమ గెలుచును. దేవకన్య భూమిమీదనే నిలిచిపోవును.

ఈ చిత్రము తెరకెక్కిన దినముననే పెనుతుపాను కృష్ణానదీముఖమునకు సమీపమున తీరమును దాకినది. తొమ్మిదివందల యరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. చేలును తోటలును నీట మునిగినవి. 1977 నవంబరు నాటి దివిసీమ యుప్పెనను మరువలేని జనులకు అది పాతగాయముమీద కొత్తదెబ్బ. తొలిదినములలో వానలవలన చిత్రశాలలు వెలవెలబోయినవి. వాన తెరపియిచ్చుటయే తడవుగా జనులు గుంపులుగా వచ్చిరి. ఊళ్ళు నీటిలో నుండగా ఇంద్రుని కూతురి సరసములు చూచి నవ్వుటకు మనసెట్లు వచ్చినదని నాడు నొచ్చుకొనిన పెద్దల మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. పొరుగువాని కష్టమును మరపించు వినోదము వినోదము గాదు, మత్తు. కాని కష్టపడినవాడే, తడిసిన కప్పును సరిచేసికొని, చచ్చిన పశువులను పూడ్చి వచ్చి, రెండున్నరగంటలసేపు నవ్వగోరినచో ఆ నవ్వును తప్పుపట్టుటకు మన మెవరము? నవ్వు కష్టమును తొలగింపలేదు. కష్టమును మోయు భుజమును ఒక్కసారి మార్చుకొననిచ్చును. అంతమాత్రపు మేలును చిన్నచూపు చూడరాదని మా యభిప్రాయము.

ఇక ప్రేక్షకులు చెప్పు మాటలను విచారింతము. అందు ముఖ్యమైనవి రెండు.

మొదటిది ‘ఇది పిల్లల కథ, దీనికి విమర్శ యేల?’ యనునది. చిత్రమును మిక్కిలి ప్రేమించువారే ఈ మాట నెక్కువగా చెప్పుదురు. దీనియందు మర్యాదవలె కనబడు అమర్యాద యున్నది. మనము ప్రేమించిన వస్తువు ప్రశ్నకు నిలువజాలదని ముందే యొప్పుకొనుట దానిని గౌరవించుట గాదు. పిల్లల కథయే యగునేని మరింత జాగ్రత్తతో చూడవలెను. పెద్దవాడు నచ్చనిదానిని విడిచిపెట్టగలడు. పిల్లవాడు చూచినదానిని చూచినట్లే లోపల దాచుకొనును.

రెండవది ‘ఇంద్రుడు, ఉంగరము, మంత్రగాడు – ఇవి యన్నియు మూఢవిశ్వాసములు, విద్యావంతులు చూడదగినవి గావు’ అనునది. సంస్కారాభిమానులైన మన మిత్రులే ఈ మాట నందురు. మూఢవిశ్వాసములమీద మా కెట్టి కనికరమును లేదు. తాయెత్తులు నమ్మి వైద్యుని విడిచిపెట్టిన కుటుంబములు ఇప్పటికిని కలవు. కాని కల్పన వేరు, మూఢత్వము వేరు. కల్పన తాను కల్పననని తలుపుదగ్గరనే చెప్పును. మూఢత్వము తానే సత్యమనును. 1990 మే మాసము దీనికి గొప్ప నిదర్శనము. తుపాను వచ్చుచున్నదని వాతావరణశాఖవారు ముందుగా హెచ్చరించిరి. ఆరులక్షలకు మించిన జనులు తీరప్రాంతముల నుండి తరలింపబడిరి. 1977లో దాదాపు పదివేలమందిని మ్రింగిన సముద్రము ఈమారు అంత బలిగొనలేకపోయినదన్న అందుకు ముఖ్యకారణ మిది. ఇంద్రుని కూతురిని తెరమీద చూచి చప్పట్లు చరచిన ప్రజలే ప్రాణము నిలుపుకొనుటకు ఇంద్రుని ప్రార్థించుచు కూర్చుండలేదు. రేడియో మాట విని కదలిరి. వినోదమున కల్పనను, జీవితమున బుద్ధిని నమ్మగల ప్రజలకు ఒక దేవకన్యవలన కలుగు హాని యేమియు లేదు.

ఈ రెండభిప్రాయములును అసలు ప్రశ్నను దాటిపోవుచున్నవి. అద్భుతకథయందు మాయ యున్నదా లేదా యనునది ప్రశ్న గాదు. ఆ మాయ యెవరి పక్షమున నిలిచినది? ఇది యడిగినగాని అట్టి కథ విలువ తేలదు.

ఈ కొలతకు మన భాషలో మేలుబంతి ‘మాయాబజార్’ (1957). కె. వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు మాటలతో వెలువడిన ఆ చిత్రమునకు నృత్యములు కూర్చినవాడు కూచిపూడి భాగవత కుటుంబమునకు చెందిన పసుమర్తి కృష్ణమూర్తి. అందు శశిరేఖను చిన్ననాటనే అభిమన్యునకు మాట యిచ్చుకొందురు. పాండవుల సంపద పోగానే ఆ మాట మరచి, కలిగినవారి యింటి సంబంధమునకు ఎగబడుదురు. ఆమె మనసు నడిగినవాడు లేడు. అప్పుడు ఘటోత్కచుని మాయ ఎవరి పక్షమున నిలుచును? నోరులేని ఆ పిల్ల పక్షమున. పెండ్లిని బేరముగా మార్చిన పెద్దలను నవ్వుల పాలుచేయును. కూచిపూడి రంగమున పురుషుడు సత్యభామ యగును. ఇందు సావిత్రి, శశిరేఖ రూపు దాల్చిన ఘటోత్కచు డగును. మీసములేని ముఖమున మీసమును దువ్వు ఆ యభినయమునకు నవ్వని యిల్లు లేదు. ఆ నవ్వులోనే వరకట్నపు సంబంధములమీద ఎంతటి చెంపపెట్టు దాగియున్నదో చెప్పనక్కరలేదు. మూడుగంటల యుపన్యాసము చేయలేని పని నది చేసినది.

యమలోకపు కథలకును ఇదే పరీక్ష. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988) – ఈ రెంటను యముడుగా నటించిన కైకాల సత్యనారాయణ కూడ కృష్ణామండలమువాడే. రెండవదానియందు తన్నకాలముగా కొనివచ్చిరని కాళి యనువాడు యముని నిండుకొలువున నిలదీసి, పోలికగల మరియొకని శరీరమున భూమికి మరలును. చిత్రగుప్తుని చిట్టాలో కూడ తప్పు దొరలవచ్చునని ప్రేక్షకుడు ఫక్కున నవ్వుట యేల? కచేరీలచుట్టు తిరిగి, ఎవరో వ్రాసిన తప్పునకు తాను శిక్ష యనుభవించినవాడు గనుక. అచ్చట మాయ సామాన్యుని పక్షము. కావున ఆ నవ్వు ఆరోగ్యకరమైనది.

ఈ కొలతనే ఇప్పుడు ఇంద్రజ కథకు పెట్టి చూతము. ముందుగా గుణములు. ఈ చిత్రపు హాస్యము చాలవరకు భాషలో పుట్టినది. దివినుండి దిగిన ఇంద్రజ రాజును ‘మానవా!’ యని పిలుచును. రాజు వీధిమాటలతో బదులు చెప్పును. గ్రాంథికమునకును వ్యవహారమునకును గత శతాబ్దారంభమున జరిగిన పోరు, ఈ చిత్రమున సరసముగా మారినది! ఆమె భాష అధికారపు భాష. అతనిది అక్కరల భాష. అతనిని వంచవలెనని వచ్చిన పిలుపే పోనుపోను ముద్దుమాట యగుటను శ్రీదేవి కంఠమున, కనులలో, మెల్లమెల్లగా చూపినది. ఆమె పెద్దగా నవ్వదు. తనకు తెలియని లోకమును చూచి నిజముగా ఆశ్చర్యపడును. ఆ యమాయకత్వమును అపహాస్యము గానీయక కాపాడుట సామాన్యమైన నటన గాదు. ఆమె 2018లో గతించిన పిదప ఈ చిత్రమును చూచువారు ఆ యాశ్చర్యమును మరింత మమతతో గుర్తించుచున్నారు.

రెండవ గుణము రాజు యిల్లు. ఆ యింట కులము లేదు, గోత్రము లేదు, రక్తబంధమును లేదు. ఉన్నది ఒక యువకుడును, ఎవరును లేని బిడ్డలును. స్వర్గమునకు బదులుగా ఇంద్రజకు దొరకిన దిది. కుటుంబ మన అన్నము పంచుకొనువారి కూటమి యని సంస్కర్తలు ఎంతకాలమునుండియో చెప్పుచున్న మాటను ఈ చిత్రము ఉపన్యాసము లేకయే చూపినది. తెరమీది బిడ్డలను చూచి తమ పిల్లలు నవ్విరని చెప్పు తల్లులు, ఆ బిడ్డలు ఏ కులమువారో అడుగలేదు. ఇది చిన్న విజయము గాదు.

ఇక లోపము. చాలమంది పురుషులకు ఇది కనబడలేదు. స్త్రీలు మాత్రము ఒక్కమాటలో పట్టివేసిరి. ‘పాపము, ఇంక పుట్టింటికి పోలేదు గదా!’ యని చిత్రము ముగిసినప్పుడు నిట్టూర్చు ముత్తైదువులు మన యిండ్లలో కలరు. ఈ నిట్టూర్పునకు సరితూగు విమర్శ మరియొకటి లేదు. ఇంద్రజ ఏమి విడిచినది? తండ్రిని, చెలులను, ఎగురగల శక్తిని, చావులేని బ్రతుకును. రాజు ఏమి విడిచెను? ఏమియు లేదు. బీదవాడగుటవలన విడుచుటకు అతనివద్ద లేకుండవచ్చును. కాని కథ రచించినవారు అతనిని ఏమియు నడుగవలెనని కూడ తలపరైరి. ప్రేమ యనునది యిద్దరిది, దాని వెల మాత్రము ఒక్కరిది – ఈ లెక్క మన పెండ్లిపందిళ్ళలో నిత్యము చూచుచున్నదే. అప్పగింతలపాట కన్నీరును చిత్రము నవ్వుగా మార్చినది, లెక్కను మార్చలేదు.

ఉంగరమును చూడుడు. శకుంతల కథయందు ఉంగరము దుష్యంతునిది. అతడిచ్చినది, ఆమె పోగొట్టుకొన్నది. ఇందు ఉంగరము స్త్రీది. ఆమె రాకపోకలకు అదియే తాళపుచెవి. అది తెలిసియో తెలియకయో పురుషుని వ్రేలికి చేరును. ఆమె దానికొరకు అతని చుట్టు తిరుగవలసి వచ్చును. పేరునకు స్త్రీధనము, పెత్తనమునకు భర్తది – ఈ పాతకథ మనకు తెలియనిదా? సొంతసొత్తు చేతనున్నపు డామె దేవకన్య. అది పరహస్తగతమైన క్షణముననే ఆశ్రితురాలు. ఈ సూక్ష్మము కథలో నిండుగా నున్నది. కాని చిత్రము దానిని గుర్తింపక దాటిపోయినది. పేరును గమనింపుడు: పురుషునకు వీరత్వము, స్త్రీకి సౌందర్యము. అతనికి పని, ఆమెకు రూపు. యుగళగీతములలో ఈ విభజన మరింత స్పష్టమగును. మాటలలో చురుకుదనము చూపిన ఇంద్రజ పాట రాగానే కేవలము చూడదగిన వస్తువుగా మారును. వేటూరి పదముల సొగసును, ఇళయరాజా స్వరముల మాధుర్యమును మేము మెచ్చుకొనుచునే ఈ మాట చెప్పుచున్నాము.

ఇది చిత్రము స్వభావమనియు, నవ్వులకథలో ఇంతకంటె నాశింపరాదనియు కొందరు సమాధానము చెప్పవచ్చును. వారికి కూచిపూడి వీధియే బదులు చెప్పగలదు. భామాకలాపము నవ్వులకథ గాదా? అయినను సత్యభామ తన పేరు, తన వంశము, తన సౌందర్యగర్వము తానే చాటుకొని ప్రవేశించును. తన్ను మించినవారున్నచో రమ్మని జడను పందెముగా చాపును. విరహము వచ్చినప్పుడు మూలను గూర్చుండి యేడువదు. మాధవి చేతికి లేఖ యిచ్చి పంపును. ప్రేక్షకులు ఆమె గర్వమునకు నవ్వుదురు గాని, ఆమెను చులుకన చేయరు. ఉషాపరిణయమున బాణాసురుని కూతురు అనిరుద్ధుని తానే ముందు కలగనును, తానే కోరును. చిత్రరేఖ లోకములోని వీరుల చిత్తరువులు గీసి చూప, తనవానిని తానే యెన్నుకొనును. అందును మాయ కలదు. కాని మాయ ఆ పిల్ల కోరికకు నౌకరు. రాత్రులు మేలుకొని ఆ కథలను చూచిన పల్లెజనులకు, కోరిక గల స్త్రీని చూచి నవ్వుటయు గౌరవించుటయు ఒకేసారి సాధ్యమైనది. అంతటి సంప్రదాయమునకు వారసులైన వారు తీసిన చిత్రమునుండి కొంచెమెక్కువ యాశించుట అత్యాశ గాదు.

అట్లని ఈ చిత్రమును నిరాకరింపుమని మేము చెప్పుట లేదు. తూచి చూడగా, మాయ ఇందు సగము బీదవాని పక్షమున, అనాథల పక్షమున నిలిచినది; తన సొంతదారియైన స్త్రీ పక్షమున మాత్రము కడవరకు నిలువలేకపోయినది. ఇదియే మా తీర్పు. ‘మాయాబజార్’ పక్కన దీనిని కూర్చుండబెట్టజాలము. కాని దాని వీధిలోనికి రానిచ్చుటకు అభ్యంతరము లేదు.

ముప్పదియైదేండ్ల పిమ్మట, 2025 మే 9వ తేదీన, ఈ చిత్రము కొత్త మెరుగులతో మరల చిత్రశాలలకు వచ్చినది. నాడు తల్లిదండ్రుల చేయి పట్టుకొని చూచిన బాలురు, నేడు తమ బిడ్డల చేయి పట్టుకొని వెళ్ళిరి. ఒకే చిత్రమును రెండు వయస్సులలో చూచుట గొప్ప విద్య. బాల్యమున ఉంగరము దొరకునా యని ఆత్రపడినవారు, ఇప్పుడు ఆమె తండ్రిని తలచుకొని యుండునా యని యోచింతురు. చిత్రము మారలేదు, చూపు మారినది. తొలిచూపును చిన్నతనమని కొట్టివేయక, రెండవచూపును చాదస్తమని దాచుకొనక, రెంటిని పిల్లలముందు పెట్టుటయే పెద్దలు చేయదగిన పని.

కావున మా పాఠకులకు మేము చెప్పదలచినది స్వల్పము. చిత్రము చూచి వచ్చిన రాత్రి ‘బాగున్నది’ యను మాటతో లేవకుడు. విస్తరిముందు మరియొక ప్రశ్న వేయుడు: ‘ఇంద్రజకు బదులు రాజే తన లోకమును విడిచి ఆమె లోకమునకు పోవలసివచ్చినచో, కథ యెట్లుండెడిది? అతడు పోయెడివాడా?’ ఆడపిల్లలును మగపిల్లలును ఒకేచోట కూర్చుండి దీనికి బదులు చెప్పవలెను. పోయెడివాడని పిల్లలందరు తడుముకొనక చెప్పిన యిల్లు కలదేని, ఆ యింటికి ఈ చిత్రమువలన హాని లేదు. తడుముకొనినచో, ఆ తడబాటునుగూర్చియే ఆ రాత్రి మరికొంతసేపు మాటలాడుకొనవలెను. పూర్వము కాగడా ఆరకముందే వీధిలో వినబడుచుండిన తీర్పునకు నేడు మన వంటయిండ్లే వేదికలు కాదగును.